పిడికెడు బియ్యం: ఇచ్చే చెయ్యి ఎవరిది?

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది 1912 డిసెంబరు 29. ఆ రోజు కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో ఆయన తొలి భారతీయ బిషప్ అయ్యారు. అది చిన్న సంగతేమీ కాదు. అయితే ఆ గౌరవంతో పాటు ఆయనకు అప్పజెప్పిన మనుషులెవరో కూడా చూడాలి. నైజాం రాజ్యంలో డోర్నకల్ అనే రైల్వే జంక్షన్, దాని చుట్టూ పల్లెలు. ఆ పల్లెల అంచున మాలపల్లెలు, మాదిగగూడేలు. సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది పాలేర్లు, కూలీలు, వెట్టివాళ్లు. ఊరి దృష్టిలో వాళ్లు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లే. కళ్ళం ఊడ్చాక మిగిలిన తాలుగింజలు పుచ్చుకోవాలి, చచ్చిన గొడ్డును పుచ్చుకోవాలి, పెద్దింటివాళ్లు కట్టి విడిచిన బట్ట పుచ్చుకోవాలి. అలాంటి మనుషుల దగ్గరికి వెళ్లి తిరునెల్వేలి నుంచి వచ్చిన ఈ తమిళుడు ముప్ఫై ఏళ్లకు పైగా ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు: మీ సంఘానికి మీరేం ఇస్తారు? దాని మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. క్రైస్తవ విశ్వాసం మన పల్లెలకు చేసిన మేలు ఏదైనా ఉంటే, దాని మూలం ఈ ప్రశ్నలో ఉందని నా వాదం. ఆ ప్రశ్న అడిగినచోట పల్లె కదిలింది. దాన్ని మరిచిపోయినచోట భవనాలు లేచాయి గాని మనుషులు లేవలేదు.

మామూలుగా మన సభల్లో చెప్పుకునే కథ మరొకటి. గుంటూరులో అన్నా కూగ్లర్ గారి ఆసుపత్రి, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ గారి కుష్ఠు ఆసుపత్రి, మెదక్‌లో పోస్నెట్ దొర కట్టించిన చర్చి, ఊరూరా బడులు, హాస్టళ్లు. ఆ జాబితా అబద్ధం కాదు, వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడానికీ నేను రాలేదు. 1883లో గుంటూరు వచ్చిన కూగ్లర్ గారు 1930లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. కాని ఆ కథను అలాగే చెప్పుకుంటూ పోతే అందులో కర్త ఎప్పుడూ మిషనరీయే అవుతాడు; తెలుగు పల్లె కర్మగా మిగిలిపోతుంది. ఒకరు తెచ్చారు, మరొకరు అందుకున్నారు. ఊళ్లో కామందుకూ పాలేరుకూ మధ్య ఉన్న వ్యాకరణమే మిషన్ కాంపౌండులోకీ వస్తే, ఆ పాలేరుకు మారిందేమిటి? పెట్టే చెయ్యి మాత్రమే మారింది. కాబట్టి సమాజాభివృద్ధిని తూచడానికి ఎంత ఇచ్చారన్నది సరైన తూనికరాయి అనిపించదు. ఎవరు ఇచ్చేవాళ్లయ్యారు, ఎవరు నిర్ణయించేవాళ్లయ్యారు అన్నదే చూడాలి. ఈ తూనికతో మన చరిత్రలో రెండు మూడు ఘట్టాలను తిరిగి చూద్దాం.

మొదటిది ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డారు. ఆయన పేరుతో నడిచిన ఉద్యమాన్ని నిజానికి పల్లెల్లోకి తీసుకెళ్లినవాడు కనిగిరి వైపు తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ; తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. క్రైస్తవం వినకముందే యోగసాధన నేర్చిన గురుపరంపరలో ఉన్నవాడు, వెతుకులాట ఉన్నవాడు. బాప్తిస్మం పొందాక ఆయనా భార్య నాగమ్మా తమవాళ్ల మధ్య మాట్లాడటం మొదలుపెట్టారు. తోళ్ల బేరం నడిచిన దారుల్లోనే, బంధుత్వం నడిచిన దారుల్లోనే ఆ మాట నడిచింది. దొరకు తెలియని ఊళ్లకు అది ముందే చేరింది. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వీటిని మతనియమాలుగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. వారానికొక రోజు పనికి రానని ఒక మాదిగ తన కామందుతో చెప్పగలగడం అప్పటి పల్లెలో ఊహకందని మాట. అది కూలి గురించిన తొలి బేరం. చచ్చిన గొడ్డును వద్దనడం అంటే ఊరు విసిరిందాన్ని పుచ్చుకోననడం. విగ్రహాలకు మొక్కనని జాతరలో డప్పు కొట్టననడం ఊరు తనకు అంటగట్టిన పనిని కాదనడం. అందుకే ఆ నియమాల మీద ఊళ్లలో అంత గొడవ జరిగింది. బావుల దగ్గర అడ్డగించారు, పని మానిపించారు, కొట్టారు. ఒక కొత్త దేవుణ్ణి మొక్కినందుకు మాత్రమే అంత కోపం రాదు. తన రోజు తనదన్న మనిషిని చూసి వచ్చిన కోపమది.

ఆ తర్వాత 1876లో కరువొచ్చింది. మనవాళ్లు ధాత కరువు అని పిలుచుకున్న ఆ కరువులో దక్షిణ భారతంలో యాభై లక్షలకు పైగా ప్రజలు పోయారని అంచనాలు. ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువుపనుల్లో చేరిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని నిర్ణయించాడు. ఆ తిండితో పనిచేసేవాడు నిలబడలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించవలసి వచ్చింది. క్లౌ గారు యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో భూమి సర్వే పని చేసినవారు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలయ్యారు. ఆకలితో వచ్చినవాడికి గంజి పోసి పంపడానికీ, తట్టా పారా ఇచ్చి పనికి కూలి ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ఈనాటికీ ఆ కాలువ గట్టు మీద తవ్వినవాళ్ల పేర్లు లేవు గాని, తవ్వినప్పుడు వాళ్లు బిచ్చగాళ్లు కారు. ఇంకొక సంగతి: కరువు నడిచిన పదిహేను నెలల పాటు క్లౌ గారు బాప్తిస్మాలు ఆపేశారు. ఆకలి తీరాక, అడగడానికి ఏమీ మిగలని రోజున వచ్చినవాళ్లే నిజంగా వచ్చినవాళ్లన్నది ఆయన లెక్క. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ అంకెను మిషన్ చరిత్రలు గొప్పగా చెప్పుకున్నాయి. నాకు మాత్రం అంకె కన్నా నీళ్లలో నిలబడినవాళ్లు ఎవరన్నదే ముఖ్యం.

క్లౌ గారి జీవితకథ 1914లో వచ్చింది. దాని పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే ప్రాచ్యదేశంలో సామాజిక క్రైస్తవం అనాలి. దాన్ని రాయడంలో తోడ్పడిన ఆయన భార్య ఎమ్మా, అమెరికాలో సామాజిక సువార్త సిద్ధాంతానికి ప్రధాన ప్రవక్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. మాదిగల జీవితం మీద, వాళ్ల గురువుల మీద 1899లోనే ఆమె ఒక పుస్తకం ప్రచురించారు. పారిశ్రామిక నగరాల్లో కూలీల బతుకు చూసి తమ్ముడు చేసిన ఆలోచనకూ, ఒంగోలు పల్లెల్లో చెప్పులు కుట్టేవాళ్ల మధ్య అక్క చూసిన దానికీ ఎంత దూరం, ఎంత దగ్గర అన్నది తీరిగ్గా పరిశోధించవలసిన విషయం. మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా యువ పరిశోధకులు దాన్ని చేపడితే బాగుంటుంది.

ఇప్పుడు డోర్నకల్. అజరయ్య గారు తిరునెల్వేలిలో పుట్టిన సొంత మిషనరీ సంఘం నుంచి వచ్చినవారు. 1903లో మొదలైన ఆ సంఘానికి డబ్బు ఇచ్చిందీ మనుషుల్ని ఇచ్చిందీ భారతీయులే. 1905లో సెరాంపూర్‌లో కె.టి. పాల్ వంటి మిత్రులతో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని పెట్టడంలోనూ ఆయనది ముఖ్యపాత్ర. అంటే ఈ దేశపు క్రైస్తవులు పుచ్చుకునేవాళ్లుగా ఉండిపోకూడదన్న పట్టుదల ఆయనకు డోర్నకల్ రాకముందు నుంచే ఉంది. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, మాకు కావలసింది స్నేహితులని ఆయన అడిగిన సంగతి ప్రసిద్ధం. పోషకుడికీ స్నేహితుడికీ తేడా ఎక్కడుంది? స్నేహితుడి దగ్గర మనం తీసుకుంటాం, స్నేహితుడికి మనం ఇస్తాం కూడా. పోషకుడికి తిరిగి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు, ఉందన్నా అతనికి అక్కర్లేదు. ఎడిన్‌బరోలో తెల్లవాళ్లను అడిగిన ఆ సమానత్వాన్నే డోర్నకల్‌లో ఆయన తన మీద తాను విధించుకున్నారు. పల్లెవాళ్లకు తానొక పోషకుడు కాకూడదు. అందుకే ఆయన పెంచిన ప్రధాన వ్యవస్థ పల్లెటూరి పంతులు, పల్లెటూరి గురువు. ఆ గూడెంలోనో పక్క గూడెంలోనో పుట్టి, చదువుకుని, మళ్లీ అక్కడికే వెళ్లి బడి చెప్పే మనిషి. శిక్షణకు వచ్చినవాళ్లు తరగతిలో కూర్చోవడంతో పాటు పొలంలోనూ పనిచేయాలి. భార్యలకూ చదువు చెప్పాలి. మనిషి చదువుకోగానే మట్టికి దూరమైతే ఆ చదువు పల్లెకు తిరిగి రాదన్నది ఆయన భయం. ఆ భయం ఎంత నిజమో ఈనాటి పల్లెల్ని చూస్తే తెలుస్తుంది.

ఇక పిడికెడు బియ్యం సంగతి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. కోతల కాలంలో తొలిపంట, గుమ్మడికాయ, కోడిపెట్ట, గుడ్లు. వాటిని పాట పెడతారు, వచ్చిన డబ్బు సంఘం లెక్కలో చేరుతుంది. చూడటానికి ఇది భక్తికి సంబంధించిన చిన్న ఆచారం. అది పనిచేసే తీరు గమనిస్తే లోపల ఒక పెద్ద మార్పు కనిపిస్తుంది. మొదటి సంగతి, పిడికెడు ఎవరికైనా అందుబాటులో ఉంటుంది. చేతిలో చిల్లర లేనివాడి పొయ్యి మీద కూడా ఎసరు ఉంటుంది. రెండోది, తీసేది ఆడమనిషి. ఇంటికొచ్చిన కూలి మగవాడి చేతిలో పడ్డా, వంటకుండ మీద అధికారం ఆమెది. సంఘానికి ఇచ్చేవాళ్ల పట్టికలో అలా స్త్రీ చేరిపోయింది. మూడోది, ఇచ్చినవాళ్లకు లెక్క అడిగే హక్కు వస్తుంది. గురువు జీతం ఎంత, బడి కప్పుకు తాటాకు ఎంత, ఎవరికి ఆపదొస్తే ఎంత ఇచ్చారు? అక్షరం రాని మనుషులు సభగా కూర్చుని ఈ ప్రశ్నలు వేయడం ఆ గూడెం చరిత్రలో కొత్త. మిజోరం క్రైస్తవులు ఇదే పద్ధతిని 1910లో మొదలుపెట్టి, దానితో వందేళ్లకు పైగా తమ బోధకుల్నీ మిషన్ పనినీ పోషించుకుంటూ వస్తున్నారు. బీద విధవరాలి రెండు కాసుల కథను మనం ఎప్పుడూ దాతలకు వినిపించే పాఠంగా వాడుకుంటాం. అజరయ్య గారి చేతిలో ఆ కథ విధవరాలికే వినిపించే పాఠమైంది: నీ దగ్గరున్నదానికి దేవుడి ఎదుట విలువుంది, కాబట్టి నీకూ విలువుంది. ఊరు ఒక్కనాడూ చెప్పని మాట అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ హిందూ, ముస్లిం, క్రైస్తవ వాస్తురీతుల్ని కలిపి కట్టినదని అందరూ మెచ్చుకుంటారు. ఆ కట్టడం ఎంత నెమ్మదిగా లేచిందో కూడా చెప్పుకోవాలి. అప్పిచ్చి తొందరగా కట్టించే చెయ్యి లేనప్పుడు గుడి ఆ సంఘం ఊపిరితో పాటే పెరుగుతుంది.

ఇదే సూత్రం వైద్యంలో ఎలా పరీక్షకు నిలిచిందో చూడటానికి మనం కాసేపు తెలుగునేల దాటాలి. 1960లలో ప్రపంచ చర్చిల మండలి తమ మిషన్ ఆసుపత్రుల్ని తామే విమర్శించుకోవడం మొదలుపెట్టింది. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో వైద్యులు, వేదాంతులు కలిసి కూర్చుని, సంఘం వైద్యం ఎందుకు చేస్తోందన్న ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి వేసుకున్నారు. 1968లో క్రిస్టియన్ మెడికల్ కమిషన్ ఏర్పడింది. వాళ్లకు తేలిందేమిటంటే, మిషన్ ఆసుపత్రులు చుట్టుపక్కల జనంలో కొద్దిమందికే చేరుతున్నాయి. అక్కడికి వచ్చే రోగాల్లో చాలాభాగం ఊళ్లోనే ఆపగలిగినవి. ప్రాణాలు ధారపోసి కట్టిన సంస్థల గురించి ఇలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన రజనీకాంత్, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో ఆ ఒప్పుకోలును ఆచరణలో పెట్టారు. ఊరు ఎంచుకున్న ఆడవాళ్లకు (వాళ్లలో చాలామంది నిరక్షరాస్యులు, దళితులు) కాన్పులు చూడటం, పిల్లల బరువు తూచడం, విరేచనాలకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఇవ్వడం నేర్పారు. డాక్టరు దగ్గరున్న విద్యలో పంచిపెట్టగలిగిందంతా పంచిపెట్టారు. బోరుబావులు దళితవాడల్లో పడేలా చూశారు. నీళ్లు కావలసిన పెద్దకులాలవాళ్లు అక్కడికే నడిచి వచ్చారు. మొదట్లో వెయ్యికి 170కి పైగా ఉన్న శిశుమరణాలు కొన్నేళ్లలోనే బాగా తగ్గాయి. 1974 నుంచి క్రిస్టియన్ మెడికల్ కమిషన్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పనిచేశాయి. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పుస్తకంలో జామ్‌ఖేడ్‌కు చోటు దక్కింది. 1978 ఆల్మా ఆటా ప్రకటన వెనక ఈ ఆలోచన ఉంది. మన ఊళ్లలో ఇప్పుడు తిరుగుతున్న ఆశా కార్యకర్త వెనక ఉన్న అనేక మూలాల్లో జామ్‌ఖేడ్ ఒకటి. దీన్ని క్రైస్తవుల ఘనతగా చాటుకోవడానికి చెప్పడం లేదు. పిడికెడు బియ్యం వెనకున్న సూత్రమే ఇక్కడా పనిచేసిందని చూపడానికి చెబుతున్నాను. అక్కడ ఇల్లాలి చేతిలో బియ్యం, ఇక్కడ ఊరి ఆడమనిషి చేతిలో విద్య.

ఈ వాదం మీద వచ్చే ఆక్షేపణల్లో బరువైనది మతమార్పిడికి సంబంధించినది. సేవ అంతా ఎర అన్న మాట. గాంధీజీ 1930లలో సామూహిక మతమార్పిడుల్ని గట్టిగా తప్పుపట్టారు. అజరయ్య గారి పని ఆ చర్చకు కేంద్రంగా ఉండేది. ఈ ఆక్షేపణను తేలిగ్గా కొట్టేయకూడదు. తిండికీ బాప్తిస్మానికీ ముడిపెట్టినచోట విశ్వాసానికే ద్రోహం జరిగింది, ఎందుకంటే అక్కడ దేవుడూ ఒక పోషకుడైపోయాడు. క్లౌ గారు కరువులో తలుపు మూయడం ఆ ప్రమాదం తెలిసినందుకే. అలాగని కరువులో చేసిన మేలు తర్వాత వచ్చినవాళ్ల మనసుల్ని కదిలించలేదని అనలేను. కదిలించే ఉంటుంది, మనుషులు మేలును మరిచిపోరు. కాని ఈ ఆక్షేపణ అడుగున ఒక భావన ఉంది. బీదవాడికి కడుపే తప్ప ఆలోచన ఉండదన్న భావన. తోళ్లమూట భుజాన వేసుకుని గురువుల్ని వెతుక్కుంటూ తిరిగిన పేరయ్యను ఆ వాక్యంలో ఎక్కడ కూర్చోబెడతాం? ఆదివారం పని మాని దెబ్బలు తిన్నవాడు ఏ ఎరకు ఆశపడ్డాడు? 1935లో యేవలాలో, హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటించినప్పుడు ఆ మాటను ఆకలి పలికిందని ఎవరూ అనలేకపోయారు. అదే గౌరవం పేరులేని కూలీకి ఎందుకివ్వం? ఇక అజరయ్య గారు క్రైస్తవుల్ని వేరే ఓటుబ్యాంకుగా కట్టిపెట్టడానికి చూడలేదు. 1932లో మతపరమైన ప్రత్యేక నియోజకవర్గాల ఏర్పాటు వచ్చినప్పుడు ఆయన దాన్ని వ్యతిరేకించారు. ఈనాటికి సంబంధించినంత వరకు గీత స్పష్టంగానే గీసి ఉంది. విపత్తుల్లో ఇచ్చే సాయాన్ని ఏ మతదృక్పథాన్ని పెంచడానికీ వాడకూడదని చెప్పే 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళిని రూపొందించినవాటిలో కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. తమ పేరున్న ఆ నియమాన్ని పల్లెస్థాయి దాకా పాటించడం మన బాధ్యత. దాన్ని మీరినవాళ్లను మన సంఘాల్లోనే నిలదీయాలి.

నాకు ఇంతకన్నా పదునుగా తోచే ఆక్షేపణ మరొకటుంది. బీదవాళ్ల దగ్గర తీసుకోవడమే ఒక దోపిడీ కదా అన్నది. ఈ రోజుల్లో ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. దశమభాగం ఇస్తే రోగం పోతుందనీ, కానుక వేస్తే అప్పు తీరుతుందనీ చెప్పి కూలీనాలీ చేసుకునేవాళ్ల చేత డబ్బు వేయించుకుంటున్న వేదికలు మన పట్టణాల్లో ఉన్నాయి. వాటినీ డోర్నకల్‌నూ ఒకే గాటన కట్టవచ్చా? తేడా ఎక్కడుందో చూడండి. అక్కడ పిడికెడు బియ్యం ఆ గూడెంలోనే ఖర్చయింది, ఆ గూడెమే లెక్క చూసింది, ఇచ్చినందుకు దేవుడి దగ్గర ప్రతిఫలం కొనుక్కోలేదు. ఇక్కడ డబ్బు పైకి వెళుతుంది, లెక్క ఎవరికీ కనబడదు, ఇచ్చినవాడు మళ్లీ ఆశించేవాడిగానే మిగులుతాడు. ఇచ్చాక లెక్క అడగలేని దానం బీదవాణ్ణి యజమానిని చేయదు. బైబిల్లో నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించినప్పుడు ఎవరు ఏ భాగం కట్టారో పేరుపేరునా రాశారు. కొందరు తమ ఇంటి ఎదుటి భాగమే కట్టుకున్నారు. ఆ అధ్యాయాన్ని మన ప్రసంగాల్లో పేర్ల జాబితా అని దాటేస్తాం. నాకు అది సమాజాభివృద్ధి మీద రాసిన మంచి పాఠాల్లో ఒకటిగా కనిపిస్తుంది.

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, మతానికి ఇందులో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. నిజమే. బియ్యం, బడి, ఆసుపత్రి పౌరుడి హక్కులు. వాటి కోసం గుడి మెట్లెక్కవలసిన అవసరం ఎవరికీ ఉండకూడదు. పైగా ఈ సూత్రం క్రైస్తవుల గుత్తసొత్తు కూడా కాదు. 1990లలో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక రోజుకొక రూపాయి దాచుకుంటూ పొదుపు లక్ష్మి సంఘాలు కట్టారు. ఆ రూపాయికీ ఆ పిడికెడుకూ గుణంలో తేడా లేదు. డిచ్‌పల్లి ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చి నిలబెట్టిన రాజా నర్సాగౌడ్ హిందువు. అయితే ప్రభుత్వం లబ్ధిదారుణ్ణి తయారుచేయగలిగినంత సులువుగా సభ్యుణ్ణి తయారుచేయలేదు. పథకం ఆగితే లబ్ధిదారు ఆగిపోతాడు. ప్రతి వారం ఒకచోట చేరి, పాడి, పోట్లాడుకుని, లెక్కచూసుకుని, మళ్లీ కలిసే అలవాటు ఉన్న సమూహానికి పథకం ఆగినా కూర్చునే చోటు ఉంటుంది. విశ్వాసం అలాంటి చోటును కట్టగలదు. ఎవర్ని ముందు పిలవాలో కూడా అదే చెబుతుంది: ఎవరి లెక్కలోకీ రానివాణ్ణి.

చెప్పక తప్పని సంగతి, మనమే ఆ పిలుపును నిలుపుకోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని ఆదివారం కూడా వేరుగా కూర్చునే ఊళ్లు మనకు ఉన్నాయి. పిడికెడు బియ్యం తీసిన ఆడవాళ్లకు సంఘ కమిటీల్లో ఎన్నాళ్లకు కుర్చీ దొరికిందో మనకు తెలుసు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక విదేశీ మిషన్లు వదిలిన భూములు, భవనాలు మన చేతికొచ్చాయి. వాటి చుట్టూ నడిచిన వ్యాజ్యాలు చూస్తే, ఇచ్చే చెయ్యి అలవాటు తప్పి, అందుకునే చెయ్యి ఎంత బలంగా ఎదిగిందో అర్థమవుతుంది. ప్రాజెక్టుల కాలంలో విదేశీ నిధులు వచ్చాయి. నిధి వచ్చిన ఏడాది బోర్డు, నిధి ఆగిన ఏడాది తాళం. నిధుల చట్టాలు బిగుసుకున్నాయని ఇప్పుడు బాధపడుతున్నాం, ఆ బాధలో న్యాయం ఉంది కూడా. కాని కుండలోని బియ్యానికి ఏ అనుమతి పత్రమూ అక్కర్లేదన్న సంగతి మనం ఎప్పుడు మరిచిపోయాం? బయటి అన్యాయమూ ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో అతను ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సి వర్గంలోకి వెళతాడు. అతని మీద కులం చేసే దాడి మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి ఆగదు. ఆ ఉత్తర్వు మారాలని అడగడం దయ కోసం చేసే విన్నపం అనుకోను. ఈ దేశానికి తన పిడికిలిలోంచి తీసి ఇచ్చిన మనిషి తన లెక్క తాను అడగడం అది.

ఈ ఉపన్యాసం వినేవాళ్లలో డయోసీస్ బాధ్యతల్లో ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి, ఒక చిన్న పనితో ఆపుతాను. ప్రతి ఏటా మీరు వేసే నివేదికలో ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు, ఎంత నిధి అని పట్టికలుంటాయి. వాటి పక్కన మరో రెండు గళ్లు గీయండి. ఒకటి, ఈ ఏడాది మన సాయం అందుకున్న ఊళ్లలో ఎన్ని ఊళ్లు మరో ఊరికి ఏదైనా ఇచ్చాయి: ధాన్యమో, విద్యో, మనిషినో. రెండోది, సాయం అందుకున్నవాళ్లలో ఎంతమంది దాని లెక్క చూసే కమిటీలో కూర్చున్నారు, వాళ్లలో ఆడవాళ్లెంతమంది. మొదటి ఏడాది ఆ గళ్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్నా అచ్చువేయండి, గూడెంలో సంఘం కూడినప్పుడు గట్టిగా చదివి వినిపించండి.